గాట్లు పెట్టిన రాయి

ఇసుర్రాయి ముందు కూర్చుంటేనే మా అవ్వకు పదం వచ్చేది. తమిళనాడులో సూళగిరి పక్క మా ఊళ్లో పాటను పదమనే అంటాం. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, గుప్పెడు రాగులు రాతి నోట్లో పోసి, పిడి పట్టి ఒక చుట్టు తిప్పిన తర్వాతే గొంతు లేచేది. రాయి బరువుగా తిరిగేచోట రాగం సాగేది, గింజ నలిగి తేలికైనచోట ఉరికేది. తాళం వేసేది ఆ రాయే.

ఇరవై ఏళ్ల కిందట ఊరి పదాలు రికార్డు చేయించాలని నేనూ, ఇద్దరు స్నేహితులూ పూనుకున్నాం. హొసూరులో బస్సు మారి అవ్వను బెంగుళూరులో ఒక స్టూడియోకు తీసుకుపోయినాం. మైకులో గాజుల చప్పుడు పడుతోందన్నారు. నేనే దగ్గర కూర్చుని తీయించాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది అవ్వ. మూడో చరణం గుర్తు రాలేదు. ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

“గాజులు లేకుంటే చెయ్యి ఆడదు నాయనా. చెయ్యి ఆడకుంటే పదమెట్లొస్తుంది?”

ఆ చూపు నన్ను ఇంకా వదల్లేదు. పదాన్ని కాపాడాలని పోయి, దాన్ని ఆడించే చేతినే కట్టేశాను. మళ్లీ గాజులు తొడిగి, బల్ల మీద చెయ్యి తిప్పుకుంటూ పాడమన్నాం. ఏడు నిమిషాలు ఆగకుండా పాడింది. ఇప్పటికీ ఆ రికార్డులో చుట్టుకొకసారి గాజులు గలగలమంటాయి.

‘ఇండియన్ ఓషన్’ బృందం పాటలు విన్నప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది. సుస్మిత్ సేన్ గిటారుకు అషీమ్ చక్రవర్తి గొంతూ తబలా తోడై 1990లో ఢిల్లీలో మొదలైన బృందం అది. తర్వాత వచ్చిన రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో తిరిగినవాడు. ‘మా రేవా’ అనే నర్మద ఒడ్డు పాట బృందానికి అలా అందింది. 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్‌ను నేను మొదట విన్నది కృష్ణగిరి నుంచి హొసూరు పోయే బస్సులో. ఆ పేరు పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష సిరియాక్. కందీసా అంటే పవిత్రమని తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు ఒక్క మాటా అర్థం కాలేదు, అయినా సూళగిరిలో దిగాల్సినవాణ్ణి దిగలేకపోయాను. ఇంట్లో మాట్లాడుకోని భాషను తరాలుగా పాటలో మోసినవాళ్ల గురించే హొసూరు దాకా ఆలోచిస్తూ పోయాను. తమిళనాడులో తెలుగు మాట్లాడే మాకు అది ఊరికే పోయే ఆలోచన కాదు.

2009 డిసెంబరులో అషీమ్ పోయాడు. మరుసటి ఏడు వచ్చిన ‘16/330 ఖజూర్ రోడ్’లో ఆయన గొంతు ఉంది. వాళ్లు కూర్చుని సాధన చేసిన పాత ఇంటి చిరునామానే దానికి పేరుగా పెట్టారు. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాడు. 2014లో ‘తందాను’, మళ్లీ తొమ్మిదేళ్లకు, 2023లో, ‘తూ హై’. మొదలుపెట్టిన ఇద్దరిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. మరి ఇది ఆ బృందమేనా?

మా అవ్వ పుట్టింది సేలం జిల్లాలో, కాపురం చేసింది ధర్మపురి జిల్లాలో, కన్నుమూసింది 2004లో ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో. పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊళ్లో రెండు వీధుల దూరం. పేర్లు మారినాయి కాబట్టి ఊరు మారిందనలేను. అట్లని ఏమీ మారలేదనీ అనలేను. ఇసుర్రాయి దగ్గరే నాకు కొంత తెలుస్తుంది. తిరిగి తిరిగి రాయి నున్నబడితే రాగులు నలగవు, జారిపోతాయి. ఎండాకాలంలో ఉలీ సుత్తీ పట్టుకుని వీధిలో కేక వేసుకుంటూ వచ్చేవాళ్లు దానికి కొత్తగా గాట్లు పెట్టిపోయేవాళ్లు. రాయి పాతదే, కరుకు కొత్తది. గాట్లు పెట్టిన రోజు పిండిలో రాతిపొడి కలుస్తుంది. అందుకే అవ్వ తొలి దోసెడు విసిరి పారబోసేది. ‘తూ హై’ మొదటిసారి విన్నప్పుడు నాకూ పంటికి రాయి తగిలినట్లే ఉంది. అషీమ్ గొంతు కోసం వెతుక్కుంటూ విన్నాను, అది నా తప్పు. నాలుగోసారికి పిండి మెత్తబడింది.

రికార్డు చేస్తే జానపదం చచ్చిపోతుందనే పెద్దవాళ్లతో నేను ఒప్పుకోను. మా ఇంట్లో జరుగుతున్నది చూసే ఈ మాట అంటున్నాను. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి నుంచి బడిలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. నా కూతురికి తెలుగు నోటికే గానీ చేతికి రాదు. అవ్వ పదాన్ని విని తమిళ అక్షరాల్లో రాసుకుంది. ఆ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. వారం తర్వాత కాగితం చూసి చదువుతూ నన్నడిగింది, “నాయనా, ఇది గాజులా, కాజులా?” నేను జవాబు చెప్పలేదు, రికార్డు పెట్టాను. అవ్వ గొంతు గాజులంది, వెంటనే గాజులు మోగినాయి. పిల్ల కాగితం పక్కన పెట్టేసింది.

ఇసుర్రాయి ఇప్పుడు మా పెరట్లో జామచెట్టు కింద ఉంది. దాని మీద ఎవరూ ఏమీ విసరరు. ఆ పదం బతకాలంటే చేతికి ఇంకో పని కావాలి, ఇంకో వాద్యం కావాలి. అది గిటారైనా నాకు సమ్మతమే. మా హొసూరు పిల్లలు నలుగురు ఒక గదిలో చేరి మా పదాలకు తమ కరుకు పెడితే వినాలని నాకు ఎంత ఆశో చెప్పలేను.

మొన్న ఆదివారం నా కూతురు రికార్డుతో పాటు పాడుతూ, స్టీలు పళ్లెం మీద వేళ్లతో చుట్టు చుట్టుకూ దరువేసింది. మూడో చరణంలో అవ్వ ఎప్పుడూ అనని మాట ఒకటి వేసింది. సరిచేద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. ఆ ఒక్క మాట దగ్గర రెండు గొంతులూ విడిపోయినాయి, మళ్లీ గాజులు మోగేచోట కలిసినాయి.