చెడ్డ సమాచారము

కనానును వేగుచూచి వచ్చిన పదిమంది చెప్పిన ప్రాకారములు, బలాఢ్యులు నిజమే. ఇద్దరు మోసికొని వచ్చిన ద్రాక్షగెలయు కండ్లయెదుటనే యుండెను. అయినను ప్రజలు భయమునే నమ్మి ఆ రాత్రి యేడ్చిరి (సంఖ్యా. 13, 14).

నేడు మన చేతిలోని ఫోను దినమెల్ల హత్యలను, ప్రమాదములను వినిపించుచున్నది. అవియు నిజమే. కాని కీడు ఒక్క గడియలో జరుగును గనుక వార్తయగును. మేలు ఏండ్ల తరబడి పెరుగును గనుక వార్త కాదు. 1975 తరువాత మన దేశములో ఎవరికిని మశూచి సోకలేదు. నేడు ఏ బిడ్డకును మశూచి రాలేదని ఏ ఉదయమైనను వింటిమా?

పరుల దుఃఖమునకు చెవి మూసికొనరాదు. అట్లని ఎక్కడనో జరిగిన హత్యను విని, మన గుమ్మము తట్టిన బాటసారిని దొంగయని యెంచుటయు తగదు. ప్రాకారములను చూచిన కన్నులతోనే ద్రాక్షగెలను కూడ చూతము.