ప్రయాణపు సంచిలో ఎంత పని పెట్టుకోవాలి?



ఈ వారం మీ ముందు ఒక చిన్న ప్రశ్న ఉంచుతున్నాను. దూరప్రయాణానికి బట్టలు, మందులు, పచ్చళ్ళు సర్దుకున్న తర్వాత, చేతికి పని కోసం మనం ఏం పెట్టుకుంటాం? ఎంత పెట్టుకుంటాం? అంత ఎందుకు పెట్టుకుంటాం? ఊలు అల్లడం తెలిసిన తల్లులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అల్లిక తెలియని వారు కూడా దయచేసి చివరిదాకా చదవండి. దేవుడిచ్చిన కాలాన్ని ఎలా వాడుకుంటున్నామన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న ప్రశ్నలో దాగి ఉంది.

మా విచారణలో ఒక పెద్దమ్మగారు ఉన్నారు. లేసు అల్లికకు పేరుపొందిన నరసాపురం ప్రాంతం ఆమెది. లేసు సూది పట్టడం తల్లి దగ్గర, ఊలు అల్లడం కన్యస్త్రీల బడిలో నేర్చుకున్నారు. కొన్నేళ్ళ క్రితం కూతురి మొదటి కాన్పుకు అమెరికా బయలుదేరుతూ ఆశీర్వాదం కోసం వచ్చారు. మాటల్లో పెట్టెల సంగతి వచ్చింది.

“ఇరవై ఉండల ఊలు పెట్టుకున్నానండి ఫాదర్ గారూ! బిడ్డకు ఒక దుప్పటి, రెండు స్వెట్టర్లు, నాలుగు టోపీలు. ఆరు నెలలు అక్కడ ఊరికే కూర్చుంటే ఎలాగండి?” అన్నారు.

“ఊరికే కూర్చోవడానికి వెళ్తున్నారా అమ్మా? పురుడు పోయడానికి కదా!” అన్నాను నవ్వుతూ. ఆమె కూడా నవ్వారు. ఊలు మాత్రం తగ్గించలేదు.

ఆమె సర్దుకున్న తీరు చూస్తే నాకు ముచ్చట వేసింది. ఉండ ఒక్కొక్కటి 50 గ్రాములు, మొత్తం ఒక కిలో. టోపీకి ఒక ఉండ, స్వెట్టరుకు మూడు నాలుగు, మిగిలింది దుప్పటికి. ఉండలపై చీటీలు చూసి, అన్నీ ఒకేసారి రంగు వేసిన సరుకు నుంచే కొన్నారు. అదే రంగైనా వేరొకసారి అద్దిన ఊలు కలిస్తే మధ్యలో చార పడినట్టు తెలిసిపోతుందట. ముందుగా నాలుగు వేళ్ళ వెడల్పు నమూనా ముక్క అల్లి, కొలిచి చూసుకున్నారు. ఎందుకంటే, 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తాయనుకుని 160 కుట్లు ఎక్కిస్తే 80 సెంటీమీటర్ల దుప్పటి రావాలి. చేయి బిగువై 22 కుట్లు పడ్డాయో, అది 73 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. చిన్న తేడాయే గాని, పని పూర్తయ్యేసరికి పెద్దదవుతుంది.

విమానంలో సూదుల సంగతి కూడా కనుక్కున్నారు. అమెరికా విమానాశ్రయాల భద్రతా నియమాలు అల్లిక సూదులను చేతిసంచిలో అనుమతిస్తాయి. అన్ని దేశాల్లోనూ అలాగే ఉంటుందని అనుకోకూడదు. బయలుదేరే ముందే విమాన సంస్థను అడగడం మంచిది. ఒకవేళ తనిఖీలో సూదులు తీసుకున్నా పని పాడవకుండా, అల్లుతున్న వరుసలోని కుట్లన్నిటి గుండా వేరే రంగు దారం ఒకటి దూర్చి ఉంచారు. సూది జారిపోయినా ఆ దారం కుట్లను పట్టి ఉంచుతుంది. ఇంత ముందుచూపు మన విచారణ కమిటీల్లో ఉంటే ఎంత బాగుండు!

అయితే ఒక్క లెక్క ఆమె వేయలేదు. అది మనం వేద్దాం. నిమిషానికి 20 కుట్లు వేసే చేయి అనుకోండి. 160 కుట్ల వరుసకు 8 నిమిషాలు. దుప్పటికి 200 వరుసలు అనుకుంటే 1600 నిమిషాలు, అంటే దాదాపు 27 గంటలు. అదీ డిజైను లేని సాదా అల్లికకు. ఆమె ఎంచుకున్నది 24 వరుసలకొకసారి తిరిగి మొదలయ్యే ఆకుల డిజైను. ప్రతి వరుసలోనూ లెక్క తప్పకూడదు. ఊలు కొన్నది ఆమె డబ్బుతో. మరి ఆ గంటలు ఎవరివి?

ఆరు నెలల తర్వాత ఆమె తిరిగి వచ్చారు. అనుకున్నవన్నీ పూర్తయ్యాయని చెప్పారు. నేను మెచ్చుకోబోయేలోగా ఆమె ముఖం మారింది.

“ఒక రాత్రి అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుందండి. నేను కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను. ‘ఉండమ్మా, ఈ వరుస అయిపోనీ’ అన్నాను. వరుస అయ్యేసరికి లేచి వెళ్ళిపోయింది. అలా ఎన్ని రాత్రులో! నేను బయలుదేరే ముందు చెప్పింది. ఆ రోజుల్లో దానికి ఊరికే ఏడుపు వచ్చేదట. బిడ్డను చూసినా సంతోషం కలిగేది కాదట. నాతో చెప్పుకుందామని వచ్చేదట.”

కాన్పు తర్వాత వచ్చే ఈ దిగులు అరుదైనదేమీ కాదు. ప్రసవించిన స్త్రీలలో నూటికి సుమారు 13 మందికి మానసిక అస్వస్థత, ముఖ్యంగా దిగులు జబ్బు, కలుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది బాలింత తప్పు కాదు, భక్తి తక్కువై వచ్చేదీ కాదు. వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళవలసిన విషయం. కాని వైద్యుల దగ్గరకు వెళ్ళే దారి తరచుగా ఇంట్లో ఎవరో ఒకరు చెవి ఒగ్గడంతోనే మొదలవుతుంది. ఆ కూతురికి దేవుని దయవల్ల భర్త తోడుగా నిలిచాడు, వైద్యం అందింది. అయినా తల్లి మనసులో ఆ ‘ఉండమ్మా’ అన్న మాట ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. తప్పు ఊలుదా? అల్లికదా? కానే కాదు. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఒకప్పుడు స్త్రీలు వీపు మీద బుట్టల్లో పొయ్యిలోకి పీట్ గడ్డలు మోసుకు వస్తూ, నడిచే దారిలోనే మేజోళ్ళు అల్లేవారు. వారి ఇల్లు గడవడంలో ఆ అల్లికకు పెద్ద పాత్ర ఉండేది. దారిలో చేసే పనిని తప్పు పట్టడానికి మనమెవరం? అంతేకాదు, అల్లిక మాటలకు అడ్డు రావాలనేమీ లేదు. ఎదుటివారి చూపు సూదుల మీద ఉంటే, ముఖం చూసి చెప్పలేని మాట కొందరికి తేలికగా బయటికి వస్తుంది. ఆసుపత్రి వరండాలో, రైలు పెట్టెలో ఇది మీరూ చూసే ఉంటారు.

అయితే లోపం ఎక్కడుంది? 13వ శతాబ్దపు మహా తత్త్వవేత్త పునీత తోమాసు అక్వినాసు వివేకం అనే సుగుణాన్ని ఎనిమిది అంగాలుగా విడదీసి చెప్పారు. వాటిలో ముందుచూపు ఒకటి. దాని పక్కనే ఇంకొకటి ఉంది; దాన్ని మనం ‘చుట్టుచూపు’ అందాం. రేపు ఏమి కావాలో చూసేది ముందుచూపు. ఇప్పుడు నా చుట్టూ ఏమి జరుగుతోందో చూసేది చుట్టుచూపు. తనంతట తాను మంచిదైన పని కూడా పరిస్థితిని బట్టి తగనిది కావచ్చునని, అందుకే చుట్టుచూపు అవసరమని ఆయన వాదన. మన పెద్దమ్మగారికి మొదటిది నిండుగా ఉంది. రంగు చీటీ, నమూనా ముక్క, కుట్లలో దూర్చిన దారం, అన్నీ దానికి సాక్ష్యాలే. రెండవది ఆ రాత్రి లోపించింది. మనవడి కోసం అల్లుతున్న దుప్పటి మనవడి తల్లిని కనబడనివ్వలేదు.

అదే గ్రంథంలో ఆయన రేపటి చింత గురించి కూడా చర్చించారు. ప్రతి కాలానికీ దాని చింత దానికి ఉంటుంది; కోతల కాలంలో కోతల గురించి ఆలోచించాలి గాని, తర్వాత రాబోయే ద్రాక్షపంట కోసం అప్పుడే తల్లడిల్లితే అది వివేకం కాదని ఆయన భావం. మన భాషలో చెప్పాలంటే, నాట్ల రోజున నూర్పిళ్ళ గురించి బెంగ పడకూడదు. బిడ్డ చలికాలానికి దుప్పటి ఉండాలి, నిజమే. కాని అది బాలింత పక్కన కూర్చోవలసిన కాలం.

ఆమెను నిందించే ముందు ఇంకొక మాట. అన్ని ఉండలు ఆమె ఎందుకు పెట్టుకున్నారు? ‘ఊరికే కూర్చుంటే ఎలాగండి’ అన్న మాటలోనే జవాబు ఉంది. ఖాళీ చేతులంటే ఆమెకు భయం. ఆ భయం ఎవరు నేర్పారు? మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజూ గంటల తరబడి లేసు అల్లి, విదేశాలకు వెళ్ళే సరుకు తయారుచేసే ఆ తల్లులను లోకం ‘ఇంట్లో ఊరికే ఉండే ఆడవాళ్ళు’ అనే అన్నదని, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టి అతి తక్కువ కూలి ఇచ్చిందని ఆమె చూపించారు. చిన్ననాటి నుంచి ఎంత చేసినా ‘ఊరికే ఉన్నావు’ అనిపించుకున్న ఆడపిల్ల, అరవై ఏళ్ళు దాటాక కూతురి ఇంట్లో కూడా చేతులు ఖాళీగా ఉంచుకోలేదు. పక్కన కూర్చుని వినడం కూడా పనేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇందులో మనందరికీ భాగం ఉంది.

నా సంగతీ చెప్పాలి. ఏటా ధ్యానవడి కోసం వెళ్ళినప్పుడు నేను పుస్తకాలు సర్దుకుంటాను. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన అలవాటు. ఐదు రోజులకు ఎనిమిది పుస్తకాలు! రెండు కూడా పూర్తి కావు. ఒకసారి పక్క గదిలోని వృద్ధ గురువు మాట్లాడదామని తలుపు తడితే, వేలు పుటలో ఉంచుకునే తలుపు తీశాను. ఆయన నా వేలు చూసి, “తర్వాత వస్తాను లెండి” అని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. నేనూ వెళ్ళలేదు. అందుకే ‘ఈ వరుస అయిపోనీ’ అన్న తల్లిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మరి సంచిలో ఏమి పెట్టుకోవాలి? అల్లికలో అనుభవం ఉన్నవారు చెప్పే సలహానే నేను నీతిగా కూడా ఒప్పుకుంటున్నాను. లెక్క అవసరమైన పెద్ద పనిని ఇంట్లో ఉంచండి. ప్రయాణానికి చిన్న పని, చేతులకు అలవాటైన పని తీసుకువెళ్ళండి. అన్ని వరుసలూ ఒకే కుట్టుతో సాగే సాదా అల్లికైతే ఎక్కడ ఆపినా మళ్ళీ అందుకోవచ్చు. లేసు అల్లికలో ఇంకా సులువు. ఊలు సూదిమీద వరుసలోని కుట్లన్నీ తెరుచుకుని ఉంటాయి, జారితే ఊడతాయి. లేసు సూది మీద మాత్రం ఎప్పుడూ దాదాపు ఒక్క ముడే ఉంటుంది. దాన్ని కాస్త వదులుగా లాగి పక్కన పెట్టి, పిలిచిన వారి వైపు తిరగవచ్చు. పాలు పొంగే పొయ్యికీ, ఏడ్చే బిడ్డకూ మధ్య మన గోదావరి తల్లులు తరతరాలుగా లేసు అల్లగలిగారంటే, అలా వెంటనే పక్కన పెట్టగలిగే పని కావడం అందుకు ఎంతో తోడ్పడి ఉంటుంది.

కాబట్టి సర్దుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి కోసం? ఆ మనిషి పిలిస్తే దీన్ని వెంటనే కింద పెట్టగలనా? రెండవ ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు వస్తే, అది ఎంత అందమైన పనైనా ఆ ప్రయాణానికి తగదు. ఈ ప్రశ్నలు అల్లిక చేసేవారికి మాత్రమే అనుకోకండి. లెక్కల పుస్తకాలతో పండుగకు వచ్చే అన్నయ్యలకూ, సెల్ ఫోను చేతిలో ఉంచుకుని ‘ఒక్క నిమిషం’ అనే మనందరికీ ఇవి వర్తిస్తాయి.

ఎడారిలో మన్నాను మరునాటికి దాచుకున్నవారికి అది పురుగుపట్టింది. పెండ్లికుమారుని కోసం వేచి ఉండి నూనె తెచ్చుకోని కన్యలకు తలుపు మూసుకుంది. పరిశుద్ధ గ్రంథంలో ఈ రెండూ ఉన్నాయి. ఎంత సిద్ధం చేసుకోవాలో ఒకే సూత్రంతో చెప్పలేమని, ప్రతిసారీ మనమే వివేకంతో తూచుకోవాలని నేను వాటి నుంచి గ్రహిస్తున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ పెద్దమ్మగారు రెండవ కాన్పుకు వెళ్ళారు. ఈసారి ఒక లేసు సూది, రెండు దారపు ఉండలు, టోపీకి సరిపడా ఊలు, అంతే పెట్టుకున్నారు. మిగిలిన చోటులో కూతురికి ఇష్టమైన సున్నుండలు చేరాయి. తిరిగి వచ్చాక పని ఎంతవరకు వచ్చిందని అడిగాను.

“టోపీ సగంలోనే ఉండిపోయిందండి. వాడి తల కూడా పెరిగిపోయింది” అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో విచారం ఏమీ లేదు.