వీసా చేతికొచ్చాకే రాజీనామా

అమ్మాయ్, బయటి దేశంలో ఇంగ్లిష్ పాఠం చెప్పాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. గెస్ట్ ఫ్యాకల్టీ అని పేరు పెట్టి, పీరియడ్‌కింత అని లెక్కగట్టి, అదీ నెలలు గడిచాక ఇచ్చే డబ్బుతో ఎన్నేళ్లు నెట్టుకొస్తావు? నోటిఫికేషన్ ఈ ఏడు పడుతుంది, వచ్చే ఏడు పడుతుంది అంటూ చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ గదుల్లో వయసు కరిగిపోతున్న పిల్లల్ని రోజూ చూస్తూనే ఉన్నాను. నువ్వు వెళ్లు. కానీ ఏజెంటు మాట పట్టుకుని వచ్చే నెలే రాజీనామా ఇచ్చేస్తానన్నావట, అక్కడ మాత్రం నా మాట విను. సంతకాలైన కాంట్రాక్టు, పాస్‌పోర్టుకు వీసా, ఈ రెండూ చేతికొచ్చేదాకా ఇక్కడి ఉద్యోగం వదలకు.

నీకు జీతం ఇచ్చేది ఎవరో ముందు తేల్చుకో. సౌదీలో చాలా విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే పనిని కాంట్రాక్టు కంపెనీలకు అప్పగిస్తాయి. ప్రకటనలో విశ్వవిద్యాలయం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, సంతకం పెట్టేది కంపెనీ. ఆ కంపెనీ చేతిలోంచి పని జారిపోతే నీ ఉద్యోగమూ పోతుంది. అలా వెళ్లి బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, కాదనను. తెలిసి వెళ్లు, అంతే.

జీతం అంకె ఒక్కటే చూసి మురిసిపోకు. ఇంటి అద్దె విడిగా ఇస్తారా, అందులోనే కలిపేశారా? వేసవి సెలవులకు జీతం ఉందా, చదువు జరిగే నెలలకేనా? వారానికి ఎన్ని గంటల పాఠం? మధ్యలో మానేస్తే టికెట్ ఎవరిది? సౌదీ కార్మిక చట్టంలో గ్రాట్యుటీ ఉంది. ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి 5 ఏళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం రావాలి. అది మూల జీతం మీదా, మొత్తం మీదా అని అడుగు. అడిగితే అవకాశం చేజారుతుందని భయపడకు. ఈమాత్రం దానికే ముఖం చాటేసేవాడు, నువ్వు అక్కడికి చేరాక ఫోనే ఎత్తడు.

ఏజెంటు సంగతికొస్తే, అతని లైసెన్సు నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైటులో నువ్వే చూసుకో. రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదన్నది నిబంధన. లక్షలు అడిగితే లేచి వచ్చెయ్. విశ్వవిద్యాలయం పేరు చెప్పి జీమెయిల్ నుంచి వచ్చే ఆఫర్ లెటర్లను అసలు నమ్మకు.

సర్టిఫికెట్ల పని ఈరోజే మొదలుపెట్టు. ఎం.ఏ. పట్టా వెనకవైపు మొదట రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ పడాలి. ఒమన్‌కు 2012 నుంచి, సౌదీకి 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ చెల్లుతోంది. పట్టా మీద నీ పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి ఇంకోలా ఉంటే అక్కడే ఫైలు ఆగిపోతుంది. మన తెలుగువాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఇది. ముందు దాన్ని సరిచేయించుకో.

కొన్ని ప్రకటనల్లో బ్రిటన్, అమెరికా, కెనడా లాంటి కొన్ని దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్లే కావాలని రాస్తారు. అన్యాయమే. అలాంటివాటి మీద టైం పాడుచేసుకోకు, మనసు అంతకన్నా పాడుచేసుకోకు. ఇంగ్లిష్‌ను పుట్టుకతో కాక కష్టపడి నేర్చుకున్నావు కనుకే నీకు కొన్ని తెలుస్తాయి. అరబ్బు పిల్లల భాషలో ‘ప’ లేదు, ‘పార్క్’ అనబోతే ‘బార్క్’ అవుతుంది. తమ లిపిలో పొట్టి అచ్చులు రాయని అలవాటు వల్ల ఇంగ్లిష్ స్పెల్లింగులోనూ అచ్చులు ఎగరగొడతారు. ‘ఇస్కూల్’ అనే మన పిల్లల నాలుకను తిప్పినదానివి, ఆ తప్పు ఎక్కడ పుడుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఇదే చెప్పు. వాళ్లు వర్డ్స్‌వర్త్‌ను అడగరు. ఒక పేరాగ్రాఫు రాయడం ఎలా నేర్పుతావు, వెనకబడ్డ పిల్లవాణ్ని పరీక్ష దాకా ఎలా తెస్తావు, ఇవే అడుగుతారు. అక్కడ నీ పని సాహిత్యం కాదు, భాష. అందుకే సాహిత్యం ఎం.ఏ. ఒక్కటే సరిపోదంటున్నాను. మన నల్లకుంట నుంచి ఆటో దూరంలో తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైనప్పటి నుంచి ఇంగ్లిష్ ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పుతున్న చోటు. పరాయి దేశాల టీచర్లు అక్కడికొచ్చి నేర్చుకుని వెళ్తుంటే, పక్కనున్న మనం గేటు ముందునుంచి బస్సులో పోతుంటాం. అక్కడి డిప్లొమా చెయ్యి. ఖర్చు భరించగలిగితే కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా కోర్సు కూడా మంచిదే. నిజమైన క్లాసులో 6 గంటలు పాఠం చెప్పించి మరీ తూకం వేస్తారు.

ఇక దేశం ఎంపిక. మనవాళ్లు ఇథియోపియా, లిబియా, యెమెన్ దాకా వెళ్లి చదువు చెప్పారు, గౌరవంగా బతికారు. కానీ 2015 జూలైలో లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పనిచేసే నలుగురు భారతీయులు ఐసిస్ చేతికి చిక్కారు. కర్ణాటకవాళ్లు ఇద్దరు రెండు రోజులకే బయటపడ్డారు. మన తెలుగువాళ్లిద్దరికీ విడుదల 2016 సెప్టెంబర్‌లోగాని దొరకలేదు. ఆ ఏడాది పైచిలుకు ఇక్కడ వాళ్ల ఇళ్లలో అన్నం ఎలా దిగిందో ఊహించుకో. ఇథియోపియాలో మెకెల్లె పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. 2020 నవంబర్‌లో టిగ్రే యుద్ధం మొదలవగానే అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్, బ్యాంకులు ఆగిపోయాయి. జీతం బకాయి ఉందని, కాంట్రాక్టు ఇంకా మిగిలిందని ఇలాంటి చోట్ల ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకు తల్లీ. వెళ్లిన వారంలోనే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకో. పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించకు, సౌదీలో యజమాని దాన్ని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ప్రతి నెలా మిగిలింది ఇక్కడి ఖాతాకు పంపేసెయ్. రాయబార కార్యాలయం బయల్దేరమన్న రోజున బకాయి సంగతి మర్చిపోయి విమానం ఎక్కు.

నాకైతే ఒమన్ మొదట చూడమనిపిస్తోంది. అక్కడి సాంకేతిక కళాశాలలను, అనువర్తిత శాస్త్రాల కళాశాలలను కలిపి 2020లో ఒకే విశ్వవిద్యాలయం చేశారు. పిల్లలకు డిగ్రీకి ముందు ఇంగ్లిష్ ఫౌండేషన్ ఉంటుంది. సొంత దేశస్థులకే ఉద్యోగాలన్న విధానం అక్కడా బిగుస్తోంది కనుక ఆలస్యం చేయకు. ముందు ఆ విశ్వవిద్యాలయం సైటులోనే నేరుగా దరఖాస్తు పెట్టు.

కాంట్రాక్టు వచ్చిన రోజు ప్రింటు తీసుకుని మా ఇంటికి రా. వాళ్లు రేపే సంతకం కావాలన్నా సరే, రెండు రోజులు గడువు అడుగు. ఆఖరి పేజీ దాకా ఇద్దరం కూర్చుని చదువుదాం.