బతికినవు గదా, ఇంకేం గావాలె?

ప్రాణం దక్కిన తర్వాత మనిషి ఇంకా ఏమడగవచ్చు? ఈ ప్రశ్న అందరికీ ఒక్క తీరుగా ఎదురు కాదు. ఉన్నోళ్ల ఆడమనిషి పెద్ద రోగం నుంచి లేచొస్తే "ఇగ మునుపటి లెక్క కావాలె" అని చుట్టాలంతా దీవిస్తారు. మా వాడ ఆడమనిషి లేచొస్తే "బతికినవు గదా, ఇంకేం గావాలె" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంటుంది, కాదనను. కానీ ఆ ప్రేమ లోపల ఒక కొలత కూడా ఉంటుంది. ఎవరికి ఎంత దక్కితే చాలు అనే కొలత. దాన్ని ఎవరు పెట్టారు, మనం ఎందుకు ఒప్పుకోవాలి అన్నదే ఇక్కడ నా చర్చ. ఇది నా ఒంటి మీద తేలిన ప్రశ్న కాబట్టి నా ఒంటి సంగతి చెప్పకుండా చర్చ సాగదు.

నాది భైంసా. నేను పుట్టినప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. మా మాదిగవాడ ఆడోళ్లు సగం మంది పత్తి చేన్లకు, సగం మంది జిన్నింగు మిల్లుకు పోయేటోళ్లు. మా అమ్మ రెండూ చేసింది. నేను సర్కారు హాస్టల్లో ఉండి చదువుకొని టీచరునయ్యాను. నలభై మూడో ఏట ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో రొమ్ము మొత్తం తీసేశారు. కీమో అయింది. ఏడాది తర్వాత జీతం మీద అప్పు తీసుకొని మరొక ఆసుపత్రిలో రొమ్ము మళ్లీ కట్టించుకున్నాను. ముందు కండ కింద ఖాళీ సంచి ఒకటి పెట్టి, కొన్ని వారాల పాటు అందులోకి ఉప్పునీళ్లు ఎక్కిస్తూ తోలు సాగదీశారు. తర్వాత దాన్ని తీసి సిలికాన్ ఇంప్లాంటు పెట్టారు.

ఆరు నెలలకు ముడతలు కనబడ్డాయి. నిటారుగా నిలబడితే పెద్దగా తెలియదు. నోటు పుస్తకాలు దిద్దడానికి ముందుకు వంగితే మాత్రం రొమ్ము బయటి పక్కన, కింది వైపున, గాలికి చెరువు నీళ్లు కదిలినట్టు అలలు. వేలు పెట్టి తడిమితే తోలు కింద సంచి మడత తగులుతుంది. డాక్టరును అడిగాను. "దీన్ని రిప్లింగ్ అంటారు, ప్రమాదం లేదు" అన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, "అమ్మా, మీరు బతికారు. బట్టల కింద ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఇంటికొచ్చి మా పెద్దమ్మతో చెప్పాను. "పానం దక్కింది బిడ్డా, గదే పదివేలు. సన్ను సంగతి ఎవడడిగిండు?" అంది. మా సంఘంలో పనిచేసే ఒక తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "అక్కా, మనోళ్లకు జరమొస్తే గోలి దొరుకుతలేదు. నువ్వు ముడతల గురించి మాట్లాడితే నలుగురు నవ్వరా?" డాక్టరు పెద్దకులం మనిషి. పెద్దమ్మ నన్నెత్తుకొని పెంచింది. తమ్ముడు ఉద్యమంలో ఉన్నాడు. ముగ్గురూ మూడు చోట్ల నుంచి ఒకే మాట అన్నారు.

ఈ ముడత ఎందుకొస్తుందో నేను తర్వాత ఒక్కొక్కరిని అడిగి తెలుసుకున్నాను. ఇంప్లాంటు అంటే పలుచటి సిలికాన్ సంచి. లోపల ఉప్పునీళ్లో, సిలికాన్ జెల్లో ఉంటుంది. మనిషి వంగినప్పుడు లోపలి సరుకు ఒక పక్కకు జారితే సంచి గోడ మడత పడుతుంది. నీళ్ల సంచిలో ఇది ఎక్కువ, గట్టి జెల్ ఉన్నదాంట్లో తక్కువ. సంచి పైన మందంగా కప్పు ఉంటే మడత పడినా కనబడదు. రొమ్ము ఉండగా దాన్ని పెద్దది చేయించుకునే మనిషికి తన రొమ్మే కప్పు. రొమ్మంతా తీసేసిన మనిషికి తోలు, దాని కింద ఇంత కొవ్వు, అంతే. ఛాతీ కండ పైభాగాన్ని కప్పుతుంది, బయటి పక్కనా కిందా సరిగా అందదు. అందుకే ముడత అక్కడే తేలుతుంది. బక్కపలుచటి మనిషికి ఇంకా తొందరగా తేలుతుంది. ముడతతో ప్రాణానికి ముప్పు లేదన్న మాట నిజమే. అయితే ఆకారం ఉన్నట్టుండి మారినా, వాపొచ్చినా, గట్టిపడినా, కొత్త గడ్డ తగిలినా చూపించుకోవాలి. జెల్ సంచి చడీచప్పుడు లేకుండా లోపల చిరిగిపోవచ్చు, అది స్కానింగులోనే తేలుతుంది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కూడా కావు. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు.

దీన్ని సరిచేసే దారులూ ఉన్నాయి. పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు తీసి తోలు కింద ఎక్కించడం ఒకటి. మా ఇంట్లో తరాలుగా ఎవరికీ పొట్ట లేదు, తొడ లేదు. ఒక పూట తిని రెండు పూటల పనిచేసిన ఒళ్లు మావి. నాకు నౌకరీ వచ్చి అన్నం దొరికినా ఒంటికి ఆ బక్కతనమే నిలిచింది. ఇంకో దారి, వీపు మీది వెడల్పాటి కండను తోలుతో సహా తిప్పి రొమ్ము మీదికి తేవడం. చాలామందికి రోజువారీ పనులకు పెద్ద ఇబ్బంది ఉండదని చెప్తారు. కానీ నెత్తి మీదికి పత్తి మూట ఎత్తే మనిషికి ఆ లెక్క వేరు. మా అమ్మకే ఈ రోగమొచ్చి ఉంటే రొమ్ము కోసం వీపు ఇచ్చేదా? వీపు ఆమెకు కూలి. వైద్యం పుస్తకాల్లో ఒక పద్ధతిగా కనబడేది మా వాడకొచ్చేసరికి బువ్వ ప్రశ్న అవుతుంది. ఇవన్నీ లెక్కేసి తేల్చుకోవాల్సింది ఆ ఒళ్లు మోసే మనిషి. లెక్క ఆమె ముందు పెట్టకుండానే "బతికినవు గదా" అని మూట కట్టేస్తే అది తీర్పు.

మా ఒంట్లోంచి తీసెయ్యాలంటే ఈ దేశంలో ఎవరూ వెనకాడలేదు. మా ప్రాంతంలో జోగిని ఆచారం పేరుతో మా పిల్లల ఒళ్లు ఊరుమ్మడి చేశారు. దాన్ని నేరమంటూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. గర్భసంచి సంగతి చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల లెక్కలో దేశం మొత్తం మీద రెండు తెలుగు రాష్ట్రాలే ముందు వరసలో ఉన్నాయి. మా వాడలో ముప్ఫై ఐదేళ్లకే ఆ ఆపరేషన్ అయినోళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టలేను. అప్పుడు "ఇది అవసరమా?" అని అడిగినోడు లేడు. తీసింది తిరిగి పెట్టమన్నప్పుడు మాత్రం అవసరమా, సోకా అన్న చర్చ లేస్తుంది.

ఈ కొలత ఎంత పాతదో తిరువాన్కూరు చరిత్ర చెప్తుంది. అక్కడ నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు కొట్లాడారు, దెబ్బలు తిన్నారు. చివరికి 1859లో రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టాడు. కప్పుకోవచ్చు, పెద్దకులాల ఆడవాళ్ల తీరుగా మాత్రం కాదు. చూశారా? ఇచ్చేటప్పుడు కూడా గిరి గీసి ఇవ్వడం. మన తెలుగులో జయప్రభ పైట మీద కవిత రాసినప్పుడు స్త్రీవాదుల్లో పెద్ద చర్చ నడిచింది. పైటను సంకెలగా చూడటం నాకు అర్థమవుతుంది. కానీ మా అవ్వ ముసలితనం దాకా రైక తొడగలేదు. రైక తొడుక్కొని చేనుకు పోతే "ఏందే, దొరసానివైనవా?" అనేటోళ్లు. ఒకరికి బరువైన బట్ట ఇంకొకరికి అందని బట్ట. రొమ్ము మీద ఎవరి హక్కు ఎంత అన్నది కులం తేల్చకుండా ఎప్పుడూ లేదు.

మా సంఘం తమ్ముడికి నేను చెప్పిన జవాబు మహద్ గురించి. 1927లో అంబేద్కర్ చవదార్ చెరువు దగ్గరికి జనాన్ని తీసుకుపోయినప్పుడు, ఆ నీళ్లు తాగకపోతే చస్తామని చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆ నీళ్లు లేకుండానే బతికామనీ, అక్కడికి పోయేది మనమూ మనుషులమని నిలబెట్టడానికనీ ఆయన వాదన. అంటే "బతికినవు గదా" అన్న మాటను ఆయన ఆనాడే పక్కన పెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో మహద్‌లోనే ఆడవాళ్లతో విడిగా మాట్లాడాడు. అంటరానివాళ్లని గుర్తుపట్టించే తీరుగా చీర కట్టొద్దన్నాడు, ఒంటి నిండా ఆ బరువు నగలు వద్దన్నాడు. ఆ సభలో కూర్చున్న ఆడోళ్లకు తిండి గింజల కరువు లేదా? ఉన్నది. అయినా ఆయన చీర కట్టు గురించి మాట్లాడాడు. ఒంటి తీరు తిండి తర్వాత చూసుకునే చిల్లర సంగతి అని ఆయన అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి?

ఎదురువాదం ఉంది, దాన్ని దాటవేయను. ఈ నున్నటి గుండ్రటి రొమ్ము ఎవరి ఊహ? మార్కెటుది కాదా? నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్‌కు 1978లో రొమ్ము తీసేశారు. ఆమె తర్వాత రాసిన 'ది కేన్సర్ జర్నల్స్'లో, తాను పెట్టుడు రొమ్ము ఎందుకు పెట్టుకోలేదో చెప్పింది. అది పెట్టుకోకుండా వస్తే ఇక్కడ అందరి మనసూ పాడవుతుందన్నట్టు డాక్టరు దగ్గరి నర్సు అన్నదట. లోకం కళ్ల కోసం దాచుకుంటే, ఈ రోగం మోస్తున్న ఆడవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టలేరని లార్డ్ వాదించింది. నాకు ఆమె మీద గౌరవం. నేను వేరే దారిలో పోయాను. అయినా మేమిద్దరం ఒక్క చోటే నిలబడ్డామనుకుంటాను. ఆమెను పెట్టుకొమ్మన్నారు, నన్ను చాలు పొమ్మన్నారు. రెండు చోట్లా నిర్ణయించింది ఇంకొకరు.

మార్కెటు దుర్మార్గం కూడా నిజమే. ఫ్రాన్సులో పిప్ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపి ఇంప్లాంట్లు అమ్మింది. 2010లో బయటపడింది, 2013లో దాని యజమానికి నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. అందుకని మాకు వద్దనడం జవాబు కాదు. కల్తీ విత్తనాలు అమ్మారని రైతును సేద్యం మానుకొమ్మంటామా?

2018లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో పేదలకు రొమ్ము సౌందర్య ఆపరేషన్లు ఉచితంగా మొదలుపెట్టింది. అందం చికిత్స పేదలకెందుకు ఉండొద్దని మంత్రి అడిగితే, ఆ పైసలు ప్రాణాలు కాపాడే వైద్యానికి పెట్టాలని విమర్శకులన్నారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే ఈ లెక్క ఎప్పుడూ పేదల మంచం దగ్గరే వెయ్యడం చూస్తున్నాను. పైగా రోగంతో పోయినదాన్ని తిరిగి కట్టడం సోకు కింద రాదని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. అమెరికాలో 1998 చట్టం ప్రకారం, రొమ్ము తీసే ఖర్చు ఇచ్చే బీమా కంపెనీ తిరిగి కట్టే ఖర్చూ, రెండో రొమ్మును దానికి సరిచేసే ఖర్చూ ఇవ్వాలి. మన దేశంలోనూ బీమా నియంత్రణ సంస్థ 2019 మార్గదర్శకాలు సౌందర్య చికిత్సను పక్కన పెడుతూ, కేన్సర్ తర్వాత తిరిగి కట్టడాన్ని అందులోంచి మినహాయించాయి. కాగితం మీద హక్కు ఉన్నది. పత్తి ఏరే మనిషి చేతిలో ఆ బీమా కాగితం లేదు.

ఇక చెప్పడం గురించి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మనిషికి ఆమె ఒప్పుకోకుండా గర్భసంచి తీసేసిన కేసు అది. చికిత్స ఏమిటి, లాభమేమిటి, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన ముప్పులేమిటి, ఇవి చెప్పాకే ఒప్పుకోలు చెల్లుతుందని కోర్టు తీర్పు. ముడత గురించి నాకు ముందే చెప్పి ఉంటే నేను అప్పుడూ ఇంప్లాంటే పెట్టించుకునేదాన్ని. నాకు కావలసింది అదే. కానీ తెలిసి పెట్టించుకోవడం వేరు. తెలియకుండా మోయడం వేరు.

ముడతను సరిచేయించుకోవడానికి నేనిప్పుడు పోవడం లేదు. కొవ్వు లేదు, వీపు ఇవ్వను, ఇంకో అప్పు చెయ్యను. ఇది నేను లెక్కేసుకొని తేల్చుకున్నది. రేపు మనసు మారితే పోతాను. ఆ ముడతను నేను భరించగలనా లేదా అన్నది నాకు తప్ప ఇంకొకరికి తెలియదు, తెలుసని ఎవరన్నా నేను వినను.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకు, చదువుకుంటున్న చెల్లెళ్లకు ఒక్క మాట. మన వాడ ఆడమనిషి ఆసుపత్రి నుంచి వచ్చి ఏదైనా బాధ చెప్పుకుంటే, అది పెద్ద బాధనా చిన్న బాధనా అని ముందే తూకం వెయ్యకండి. పెద్దోళ్లు మన కోసం చేసిపెట్టిన తక్కెడ అది. జరానికి గోలి దొరకాలని కొట్లాడుదాం. ఆ కొట్లాటలోనే, ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు ఆమెకు అర్థమయ్యే తెలుగులో అన్నీ చెప్పాలని కూడా అడుగుదాం. రొమ్ము తీసే కార్డే రొమ్ము తిరిగి కట్టాలని అడుగుదాం. ఆమె వద్దంటే వద్దు. కావాలంటే "ఇంకేం గావాలె" అన్న ప్రశ్నను నిజంగా ప్రశ్నలాగే అడిగి, ఆమె చెప్పేది కూర్చొని విందాం.