ఇది ఏ వాటా డబ్బు?



మా సీతారాండేరాలో ఒక ఆదివారం వందన అయ్యాక పిల్లలు టీవీలో 'లక్కీ భాస్కర్' పెట్టారు. 2024 దీపావళికి వచ్చిన సినిమా, చాలామంది చూసే ఉంటారు. బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియరు. అప్పులవాళ్ల చేత, అయినవాళ్ల చేత మాటలు పడ్డవాడు. బ్యాంకు డబ్బు దొంగచాటుగా తిప్పుకోవడంతో మొదలుపెట్టి, షేర్ల కుంభకోణం చేసే పెద్ద దొంగల లెక్కల్లో వేలుపెట్టి, కోట్లు వెనకేసుకుని, చివరికి పెళ్లాం బిడ్డలతో అమెరికా చేరతాడు. చివర్లో మా గదంతా చప్పట్లు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. అవమానాలు పడ్డ పేదవాడు గెలిస్తే మనకి సంతోషం. అది మన రక్తంలో ఉంది.

చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరున్నారు. ఒకాయన పాతికేళ్ల పైచిలుకు క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఈ ఉక్కు ఊరికి వలస వచ్చిన కుటుంబం. పీఎఫ్ డబ్బులో నాలుగు లక్షలు ఆప్షన్ల వ్యాపారంలో పోగొట్టుకున్నాడు. రెండోవాడు మా బస్తీ కుర్రాడే, సాక్చీలో ఒక బ్రోకరు ఆఫీసులో పనిచేస్తాడు. పెద్దాయన చేత ఖాతా తెరిపించింది వాడే.

మూడోవాణ్ని నేను. ఎల్.ఎల్.బి. చదివి కోర్టుకి వెళ్లకుండా బస్తీ పనిలో పడ్డవాణ్ని. ఆ రోజు కాగితాల కట్ట నా దగ్గరికి తెచ్చి, "ఇందులో ఏముంది బాబూ?" అని పెద్దాయన అడిగాడు. పైపైన తిరగేసి, "మామూలు ఫారాలే, సంతకం పెట్టు మావయ్యా" అన్నాను. అందులో పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, నష్టభయం గురించిన ప్రకటన ఉంది. రెండూ నాకు కనబడ్డాయి.

ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే కుర్రాడు అడిగాడు. "చిన్నాన్నా, నా ఉద్యోగం పంచశీలకి విరుద్ధమా? నేను సారా అమ్మట్లేదు, కత్తులు అమ్మట్లేదు కదా."

వాడి ప్రశ్న సరైనదే. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని అంగుత్తర నికాయంలో ఉంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. షేరు వీటిలో లేదు. డబ్బు పెట్టుబడి పెట్టడాన్ని బుద్ధుడు తప్పనలేదు. సిగాలుడికి చెప్పిన గృహస్థ ధర్మంలో సంపాదనను నాలుగు వాటాలు చెయ్యమన్నాడు. ఒకటి తిండికీ బతుక్కీ, రెండు వాటాలు పనికీ వ్యాపారానికీ, నాలుగోది ఆపదకి దాచుకోవడానికి. సగం సంపాదన పెట్టుబడికే వెళ్లమన్న బోధ అది.

మా ఊరే షేర్ల మీద పుట్టింది. 1907లో టాటా ఉక్కు కంపెనీకి లండన్‌లో డబ్బు పుట్టకపోతే బొంబాయిలో షేర్లు అమ్మకానికి పెట్టారు. మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు కొన్నారు. ఆ డబ్బు కొలిమి అయింది, 1912లో ఉక్కు పోసింది, మా తాతలకి కూలి అయింది. ఆ కూలిలో కులం ఏ పని ఎవరికి పంచిందో అది వేరే కథ. కొన్నవాడి డబ్బు ఎక్కడికి వెళుతుందో అమ్మినవాడు చూపించగలిగిన అమ్మకం అది.

మా పెద్దాయన కొన్నది అలాంటిది కాదు. ఒకడి లాభం అచ్చంగా ఇంకొకడి నష్టమైన పందెం. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం అంతకుముందు మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. వాళ్లు కోటి మందికి పైనే. సగటున మనిషికి సుమారు 2 లక్షలు, మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. ఈ ఆటలో ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతారని యాప్ తెరవగానే చూపించాలన్న నియమం 2023 నుంచే ఉంది. చూపిస్తున్నారు. కింద మీట నొక్కి జనం ముందుకి పోతున్నారు.

చట్టం అక్కడితో ఆగుతుంది. తెలియజేశాం, సంతకం తీసుకున్నాం, ఇక కొనేవాడే చూసుకోవాలి. నేను చదువుకున్న చదువు అదే. కానీ నాలుగో శీలం కాగితంతో తీరదు. అవతలివాడికి అర్థం కాలేదని తెలిసి, ఆ అర్థం కాకపోవడం మీదే మన జీతం నడుస్తుంటే, చెప్పిన ప్రతి మాటా నిజమైనా అది మృషావాదమే అంటాను. అంతకన్నా, అది రెండో శీలం దగ్గరకి కూడా వస్తుంది. అవతలివాడు ఎరిగి ఇవ్వనిదాన్ని తీసుకున్నట్టు.

మజ్ఝిమ నికాయంలో మహాచత్తారీసక సుత్తం తప్పు జీవిక అంటే ఏమిటో చెబుతుంది. అక్కడ సరుకుల పేర్లు లేవు, మాట తీరులున్నాయి: వంచన, ముఖస్తుతి, సూచనలతో లాగడం, కించపరచడం, లాభంతో లాభాన్ని వేటాడటం. ఇవి ముందు భిక్షువుల నడతను దృష్టిలో పెట్టుకుని చెప్పినవంటారు. కావచ్చు. నేను కుర్రాడికి వీటిని చెప్పి, ఫోన్లో ఏం మాట్లాడతావో చెప్పమన్నాను. వాడు తల వంచుకుని అప్పజెప్పాడు. "సర్, మీలాంటి అనుభవమున్నవాళ్లు..." ఇది ముఖస్తుతి. "మీ లైన్లోనే ఒకాయనకి మొన్న..." ఇది సూచన. "అందరూ ఎక్కడికో వెళ్లిపోతుంటే మీరింకా పోస్టాఫీసులోనే దాచుకుంటున్నారా?" ఇది కించపరచడం. ఆఫీసులో ఈ మాటలు అచ్చువేసి ఇస్తారట.

'ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' అనే 2013 నాటి ఇంగ్లీషు సినిమా కూడా వాడు ఫోన్లో చూశాడు. వాళ్ల మేనేజరు చూడమన్నాడట, గుణపాఠం కోసం కాదు, ఉత్సాహం కోసం! జోర్డాన్ బెల్ఫోర్ట్ అనే అమెరికా బ్రోకరు నిజ జీవితం అది. విలువలేని చిల్లర షేర్లు ఫోన్ల మీద అంటగట్టి, 22 నెలలు జైల్లో ఉండి వచ్చాడు. మూడు గంటల సినిమాలో విందులు, మత్తు, పడవలు అన్నీ కనిపిస్తాయి. కొని మునిగినవాడి ముఖం మాత్రం కనిపించదు. ఫోన్లో గొంతుగా వినిపిస్తాడు, ఈ చివర కూర్చున్నవాళ్లు నోరు మూసుకుని నవ్వుతారు. మన తెలుగు సినిమాలోనూ అంతే. 1992 నాటి హర్షద్ మెహతా కాలంలో ఏసీసీ సిమెంటు షేరు 200 నుంచి 9,000 దాకా పోయిందని చెప్పుకుంటాం. 9,000కి కొన్నవాడు ఒకడుండాలి కదా, వాడి మీద సినిమా ఎవరూ తియ్యరు. భాస్కర్‌కి చప్పట్లు కొట్టిన మా గదిలో వాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పవర్ ఆఫ్ అటార్నీ అన్నాను కదా. హైదరాబాదు కార్వీ సంగతి మన తెలుగువాళ్లకి గుర్తుండాలి. ఖాతాదారులిచ్చిన అలాంటి అధికారాన్ని వాడుకుని, వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి సంస్థ అప్పులు తెచ్చుకుంది. 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు వచ్చింది. 2,300 కోట్లకు పైగా విలువైన షేర్లు, సుమారు 95,000 మంది ఖాతాదారులు. వాళ్లలో ఎంతమందికి "మామూలు ఫారాలే" అని నాలాంటివాడొకడు చెప్పి ఉంటాడో.

ఇక్కడ బాబాసాహెబ్ జీవితంలో ఒక సంగతి చెప్పాలి. 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చాక, 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో చేరేలోపు, షేర్ల వర్తకులకి సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. సలహా అడగడానికి వచ్చినవాళ్లు ఆయన అంటరాని కులంవాడని తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. ఇది చదివినప్పుడల్లా మనం కులం దగ్గర ఆగిపోతాం, న్యాయమే. నాకిప్పుడు ఇంకోటి కూడా తోస్తోంది. సలహా అమ్ముకోవడం తప్పని ఆయన అనుకోలేదు. తెలిసినవాడు తెలియనివాడికి తెలిసింది చెప్పి కూలి తీసుకోవడం నిజాయితీ గల బతుకే. మా కుర్రాడు అమ్ముతున్నది సలహా కాదు, సలహాలా కనిపించే ఇంకేదో. పెద్దాయన గెలిచినా ఓడినా, కొన్న ప్రతిసారీ అమ్మిన ప్రతిసారీ ఆఫీసుకి దలాలీ వస్తుంది. ఆ సంగతి ఒక్కటే ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం మానెయ్యమని నేను అనలేకపోయాను. వాడి తండ్రికి డయాలసిస్ నడుస్తోంది. ఆకలి మీద కూర్చున్నవాడికి శీలం బోధించడం నాకు తేలిక, నా ఇల్లు గడుస్తోంది కాబట్టి. ఒక్కటి అడగమన్నాను: ఖాతా తెరిచే ప్రతి మనిషినీ, ఇది మీ నాలుగు వాటాల్లో ఏ వాటా డబ్బు అని. ఆపదకి దాచుకున్నదైతే ఫారం మూసెయ్యమన్నాను. నీకు దలాలీ ఎలా వస్తుందో నీ నోటితో చెప్పమన్నాను. "అలా అడిగితే ఎవరు కొంటారు చిన్నాన్నా?" అన్నాడు. కొనేవాళ్లు తగ్గుతారు, నిజమే.

పెద్దాయన దగ్గరికి మేమిద్దరం కలిసి వెళ్లాం. ఫారాల్లో ఏముందో నాకు తెలిసి కూడా చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మిగిలిన డబ్బు ఎలా బయటికి తియ్యాలో అదైనా సరిగ్గా చూడు" అన్నాడు. చూశాం. ఆప్షన్ల విభాగం మూయించాం, అధికార పత్రం రద్దుకి రాయించాం.

ఇప్పుడు వందన అయ్యాక అరగంట, ఎవరి కాగితాలు వాళ్లు తెస్తే చదివి చెబుతున్నాం. పెద్దాయన ముందు వరుసలో కూర్చుంటున్నాడు. కుర్రాడు ఇంకా ఆ ఆఫీసులోనే ఉన్నాడు. పోయిన నెల మూడు ఖాతాలే తెరిచాడట. మేనేజరు సోమవారం పిలిచాడట.