శీతలస్నానము - విధినిషేధములు

నిత్యకర్మలలో స్నానము మొదటిది. మన నెల్లూరు సీమలో భక్తులు పినాకినిలో మునిగి తల్పగిరి రంగనాథుని సేవింతురు. కార్తికమున మైపాడు సముద్రతీరమునకు తండోపతండములుగా వత్తురు. ఈ చన్నీటి స్నానమును గూర్చి పూర్వులు వ్రాసిన వైద్యగ్రంథములను సేకరించుట నాకు నలువది యేండ్ల వ్యసనము. వ్యసనమని తెలిసియే యనుచున్నాను.

నా బీరువాలో వాగ్భటుని అష్టాంగహృదయము కలదు. జర్మనీ దేశమున లైప్‌జిగ్ నగరవాసియగు లూయీ కూనే జలచికిత్సా గ్రంథమునకు వెంకటచలపతి శర్మగారు 1894లో చేసిన తెలుగు అనువాదము కలదు. మన పల్లిపాటి పినాకినీ ఆశ్రమమును 1921లో ప్రారంభించిన గాంధీమహాత్ముడును కూనే చెప్పిన తొట్టిస్నానములను విశ్వసించి యాచరించెను. లివర్‌పూల్ వైద్యుడగు జేమ్స్ కర్రీ, జ్వరరోగులపై నీరు పోయుటను గూర్చి 1797లో ప్రకటించిన గ్రంథమునకు నకలును సంపాదించి, ఒక శిష్యునిచే చదివించుకొంటిని.

ఇరువది యేండ్ల క్రిందట మా తల్లిగారు కార్తికస్నాన వ్రతము పట్టిరి. నడుమ పడిసెము పట్టి, ఒళ్లు వెచ్చబడెను. "నాయనా, ఈ పూట మునుగవచ్చునా?" అని నన్నడిగిరి. "నియమము తప్పరాదమ్మా" అంటిని. ఆమె తెల్లవారుజామున మునిగి వచ్చి, మూడు వారములు మంచము పట్టిరి. కోలుకొన్న పిదప నన్నొక్క మాటయు అనలేదు.

వాగ్భటుడు దినచర్యాధ్యాయమున స్నానమును ప్రశంసించిన పిమ్మట, పీనసము, అజీర్ణము, అతిసారము గలవారికిని, భుజించిన వెంటనేయు అది తగదని చెప్పెను. ఆ యధ్యాయము నాకు బాల్యమునుండి కంఠస్థము! గ్రంథము బీరువాలో నుండెను, శ్లోకము నాలుకపై నుండెను. తల్లి యడిగిన క్షణమున రెండును నాకు తోడు రాలేదు. విధిని మాత్రమే పలికితిని, నిషేధమును మరచితిని.

అప్పటినుండి ఏ గ్రంథము చేత బట్టినను, "ఇది ఎవరికి వలదనుచున్నది?" అని మొదట చూచెదను. కర్రీయు, రోగికి చలి పుట్టినపుడును, చెమట ధారగా పోయునపుడును చన్నీరు పోయరాదని హెచ్చరించెను. కూనే సర్వరోగములకు మూలమొక్కటే యని తలచెను. నేటి వైద్యము దాని నంగీకరింపదు. చన్నీట హఠాత్తుగా మునిగినచో ఊపిరి ఎగసి రక్తపు పోటు పెరుగుననియు, హృద్రోగులకు ప్రమాదమనియు నేటి వైద్యులు చెప్పుచున్నారు.

"మినహాయింపు లిచ్చినచో నియమము సడలదా?" అని కొందరు శంకింతురు. ఒడలు వంగని సోమరికి శాస్త్రము సెలవీయలేదు. రోగికి మాత్రము మంత్రస్నానమును, శ్రీమన్నారాయణ స్మరణరూపమగు మానసస్నానమును చెప్పినది. అది ఆచారమునకు లోపము కాదు. శాస్త్రమునకు గల దయ. ఆ దయను దాచి, కాఠిన్యమును మాత్రమే బోధించువాడు శాస్త్రములో సగమును దొంగిలించినవాడే. నేనా దొంగతనము చేసితిని.

నేడు నా గ్రంథములన్నింటిలో ఒక్కొక్క చీటి నుంచితిని. అందులోని చికిత్స ఎవరికి తగదో దానిపై పెద్ద అక్షరములతో వ్రాసితిని. నా తరువాత ఆ బీరువా తెరచువారికి మొదట ఆ చీటియే కనబడవలెను.

భక్తులారా! మీ యింట వృద్ధులుగాని రోగులుగాని "ఈ పూట మునుగవచ్చునా?" అని యడిగినచో, ముందు వారి నుదుట చేయి వేసి చూడుడు. ఒళ్లు వెచ్చగా నున్నచో వారిని కూర్చుండబెట్టి, వారి చెంత గోవిందనామము పలుకుడు. ఆ స్నానమును స్వామి తప్పక స్వీకరించును.