మొండి గుఱ్ఱము - మంచి సారథి

రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్ళతో నడచునని తెలుగునాట ఒక సామెత కలదు. నడుపువానికి పట్టు లేనిచో వాహనము తన ఇచ్చ వచ్చినట్లు వర్తించునని దీని భావము. సామెత సత్యమే. కాని మెత్తదనమునకు విరుగుడు కాఠిన్యమేనా? మొండికెత్తిన ప్రాణిని కొట్టి లొంగదీయుట ధర్మమేనా? ఇది అశ్వశాలకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. బిడ్డలను పెంచు గృహస్థునకును, తన మనస్సుతో పోరాడు సాధకునకును అనుదినము ఎదురగు ప్రశ్నయే ఇది.

వాగు ఒడ్డునకు వచ్చిన గుఱ్ఱము ఒక్కొక్కప్పుడు అడుగు వేయక నిలిచిపోవును. అనుభవజ్ఞుడైన రౌతు కొరడా ఎత్తుటకు ముందు క్రిందికి దిగి చూచును. జీను ఒరసి వీపు పుండైనదేమో, కళ్ళెము నోటిని కోయుచున్నదేమో, డెక్కలో రాయి చిక్కుకొన్నదేమో పరీక్షించును. గుఱ్ఱము కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే నుదుటికి సూటిగా మిక్కిలి చేరువనున్న వస్తువు దానికి కానరాదు. మనుష్యునకు స్వల్పముగా తోచునది దానికి భయంకరమై యుండవచ్చును. నొప్పిని, భయమును మొండితనమని భ్రమించి కొట్టినచో, వాగును చూచినప్పుడెల్ల దానికి దెబ్బయే జ్ఞప్తికి వచ్చును.

అట్లని మొరాయించినప్పుడెల్ల వెనుకకు మరలించుటయు తగదు. ఆగినచో శ్రమ తప్పునని అది నేర్చుకొనును. నొప్పి ఏదియు లేదని తేలిన పిమ్మట నేర్పరియైన రౌతు పగ్గము విడువడు, తొందరపడడు. గుఱ్ఱము ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణముననే పట్టు సడలించి మెడ నిమురును. మాట విన్నచో సుఖము కలదని ఆ సడలింపే దానికి బోధించును.

కఠోపనిషత్తునందు యమధర్మరాజు నచికేతునకు చెప్పిన రథోపమానము సుప్రసిద్ధము. శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. సారథికి వివేకము, పగ్గమునకు నిలుకడ లేనప్పుడు ఇంద్రియములు దుష్టాశ్వములవలె వశము తప్పునని అచ్చట చెప్పబడినది. అనగా లోపమును ముందుగా వెదకవలసినది నడుపువానియందే. కోపావేశముతో కొరడా ఝళిపించు రౌతు విషయమున మొదట పగ్గము తెంచుకొన్నది అతని మనస్సే.

అంపశయ్యపై భీష్ముడు స్మరించిన పార్థసారథి చేత పగ్గములతోపాటు కొరడాయును కలదని శ్రీమద్భాగవతము తెలుపుచున్నది. కనుక శాసనము స్వామికి తెలియనిది కాదు. ఆ హస్తములే సైంధవ వధ జరిగిన పదునాలుగవనాటి యుద్ధమున ఏమి చేసినవో ద్రోణపర్వము చెప్పుచున్నది. సూర్యుడు క్రుంకులోపల ప్రతిజ్ఞ నెరవేరనిచో అర్జునుడు అగ్నిప్రవేశము చేయవలెను. గుఱ్ఱములు బాణములు నాటి డస్సియున్నవి. అదలించి పరుగెత్తింపవలసిన సమయమిదియేయని ఎవరికైనను తోచును. కాని శ్రీకృష్ణుడు శత్రుసేనల నడుమనే వానిని విప్పెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువుల నడ్డగించుచు, బాణముతో భూమిని భేదించి జలము కల్పించెను. స్వామి స్వహస్తములతో బాణములను పెరికి, మేనులు నిమిరి, నీరు త్రాపి, సేద తీర్చి, మరల రథమునకు పూన్చెను. ప్రతిజ్ఞయు నెరవేరినది.

మనస్సును నిగ్రహించుట గాలిని పట్టుటవలె దుష్కరమని గీతలో అర్జునుడు మొరపెట్టుకొనగా, స్వామి ఆ మాటను కాదనలేదు. అభ్యాసమును, వైరాగ్యమును ఉపాయములుగా చూపెను. అభ్యాసమనగా ఒక్కనాటి దెబ్బతో ముగియునది కాదు. ప్రతిదినము ఒక్కొక్క అడుగుగా సాగునది.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి శ్రీ మలయప్పస్వామి అశ్వవాహనారూఢుడై మాడవీథులలో వేంచేయును. ఆ దర్శనమున చేతులు జోడించు భక్తుడు తన యింటిలో మొండికెత్తిన బిడ్డను, తన లోపల మొండికెత్తిన మనస్సును ఒకసారి తలచుకొనవలెను. నొప్పి ఎక్కడనున్నదని మొదట అడుగవలెను. పిదప పగ్గము విడువక, అలుగక నడుపవలెను. పట్టునకు కరుణ తోడైనప్పుడే అది సారథ్యమగును. అట్టి నేర్పును ఆ పార్థసారథియే ఎల్లరకు అనుగ్రహించుగాక!